వెనకనుంచి తోసే పిల్ల

సెమిలిగుడ,
సోమవారం సాయంత్రం.

ప్రియమైన అత్తకి నమస్కారాలు,

...అప్పుడు లిప్సా వెనకనుంచి వచ్చి, నా నడుం మీద రెండు చేతులూ ఆనించి, ఉన్న బలమంతా పెట్టి నన్ను తోసింది. నిన్న ఇక్కడిదాకా రాసేసరికి నాన్న వచ్చేశాడు. పేజీలన్నీ మంచం కింద ట్రంకుపెట్టె వెనక్కి విసిరేశాను. ఇప్పుడు ఎంత చాచినా చెయ్యి అందటం లేదు. కాబట్టి ఇక్కణ్ణుంచే చదువుకో. ముందు పేజీల్లో పెద్ద విషయమేమీ లేదు, అంతా ఆట రూల్సే.

సరే, లిప్సా తోసింది కదా, నేను రివ్వున వెళ్లి బాస్కెట్‌బాల్ స్తంభాన్ని గుద్దుకున్నాను. మోకాలు చెక్కుకుపోయింది. బయాలజీ ట్యూషన్ మెట్ల మీద జారానని నాన్నకి చెప్పాను.

అత్తా, ట్యూషన్ లేదు. బయాలజీ లేదు. దసరా ముందునుంచీ ప్రతి ఆదివారం పొద్దున మా స్కూల్ కోర్టులో చక్రాల బూట్లేసుకుని స్కేటింగ్ చేస్తున్నాను. పీటీ మనోరంజన్ సార్ నలుగురు అమ్మాయిల రిలే జట్టులోకి నన్ను తీసుకున్నారు. ఇక్కడ చక్రాల మీద నేర్చుకుంటాం, తర్వాత డెహ్రాడూన్‌లో మంచు మీద క్యాంపు. దీన్ని షార్ట్ ట్రాక్ అంటారు. ఒలింపిక్స్‌లో కూడా ఉంటుంది, నిజంగా! కానీ నెలాఖరు ఆదివారంలోగా నాన్న స్వయంగా వచ్చి "మా అమ్మాయిని పంపిస్తాను" అని సార్‌తో చెప్పాలి. రాకపోతే నా చోటు ఇంకో అమ్మాయికి వెళ్లిపోతుంది.

నాన్న సంగతి నీకు తెలుసు. తను మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకరుని లారీల మధ్య నడుపుతాడు, నన్ను మాత్రం రోడ్డు మీద సైకిల్ కూడా తొక్కనివ్వడు. "కాలిరిగితే?" అంటాడు. అమ్మకి చెబితే నాన్నకి చెప్పినట్టే. ఈ భూమ్మీద నాన్న "అలాగే అప్పా" అని తలూపేది ఒక్క నీకే. అక్కవి కదా, నువ్వే చెప్పాలి. కానీ ఇప్పుడే కాదు! నేను చెప్పమన్నప్పుడు చెప్పు. భయంతో అన్నం దిగటం లేదు. పకోడీలు మాత్రం దిగుతున్నాయి.

ఇట్లు,
నీ మేనకోడలు సుహాసిని.

తా.క. దయచేసి ఫోన్ చెయ్యకు. నువ్వు రాయగడలో హలో అంటే దారిలో లక్ష్మీపూర్ వాళ్లు కూడా పలుకుతారు. జవాబు మన బస్సు కండక్టరు తాతారావు గారి చేతికియ్యి. పేరు తెలుగే కానీ ఆయన చదివింది ఒడియా బడి. మన రాత చదవలేరు.


రాయగడ, టిపినుకొట్టు,
బుధవారం.

చిరంజీవి సుహాసినికి అత్త దీవెనలు.

నానిక్కడ బాగానే ఉండేదాన్ని, నీ ఉత్తరం వచ్చేదాకా. ఎవుర్తమ్మీ ఆ లిప్సా? ఎనకనుంచొచ్చి తోసేస్తాదా? ఎదరకొచ్చి తొయ్యడానికి దమ్ము నేదేటి? మీ సారు సూస్తా ఊరుకున్నాడా, ఈలేసి సప్పట్లు కొట్టేడా? నువ్వు రాసిన తీరు సూస్తే కొట్టినట్టే ఉన్నాది.

మంచు మీద పరిగెడతావని రాసేవు. అది నిజమో కాదో తెలుసుకుందారని ఐసు ప్యాక్టరీ నడిపే గురువులుగాణ్ణి అడిగేను. సేపల పెట్టెలకి దిమ్మలు కొట్టే మనిషి, ఆడికి తెలీని ఐసు ఏటుంటాది? "వదినా, ఐసు మీద మనిషి నిలబడనేడు. సేప నిలబడతాది, అదీ సచ్చినాకే" అన్నాడు. నాకు రేత్తిరి నిద్దర నేదు.

స్కేటింగు సంగతి మీ నాన్నకి నా నోటంట రాదు. మజ్జిగౌరమ్మ మీద ఒట్టు. ఆ ఒక్క సంగతికే ఒట్టు, గుర్తెట్టుకో.

తాతారావు చేత రెండు డబ్బాలు పంపించేను. సున్నుండలు. కడుపునిండా తిను.

ఇట్లు,
మీ అత్త సూర్యకాంతమ్మ.

తా.క. ఎర్రదారం కట్టిన డబ్బా లిప్సాకి. నువ్వు ముట్టకు. అందులో బెల్లం నేదు. యాపాకు, మెంతులు, కాకరకాయ ఉన్నాయి. తోసిన సెయ్యి నోట్లో ఎట్టుకున్నప్పుడు తెలవాల.


సెమిలిగుడ,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన అత్తకి,

పరీక్షల వల్ల ఇన్నాళ్లూ రాయలేదు. ఎంత పని చేశావు అత్తా! నీ ఉత్తరం చదివేలోపే లిప్సా ఎర్రదారం విప్పేసింది. ఒకటి నోట్లో వేసుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మింగేసి, "ఇది స్పోర్ట్స్ ఫుడ్ కదా? ఇంత చేదుగా ఉందంటే ఇంకెంత బలమో!" అంది. ఇప్పుడు ప్రాక్టీసు ముందు తలా ఒకటి తింటున్నాం. సార్ కూడా. నాకు తప్పించుకునే దారి లేదు, మా అత్త చేసినవి కదా.

అత్తా, లిప్సా నా శత్రువు కాదు. ఆ ట్రంకుపెట్టె వెనక పేజీల్లో ఉన్నది అదే! ఈ రిలేలో చేతికి కర్ర అందివ్వటం ఉండదు. పరిగెత్తి అలసిపోయిన అమ్మాయి, ముందు వంగి ఉన్న అమ్మాయిని వెనకనుంచి తోస్తుంది. తనలో మిగిలిన వేగమంతా ఆ తోపులో ఇచ్చేసి పక్కకి తప్పుకుంటుంది. లిప్సా తొయ్యకపోతే నేను ఎడ్లబండిలా కదులుతాను. స్తంభాన్ని గుద్దుకున్నది నా తప్పే. వెనక చెయ్యి పడగానే భయంతో కళ్లు మూసేసుకుంటాను.

సార్ మాకు ఒకామె వీడియోలు చూపిస్తారు. పేరు పలకటం రాక పచ్చ హెల్మెట్ అక్క అంటాం. మూడు ఒలింపిక్స్‌కి వెళ్లింది. ఒంటరి పందెంలో ఒక్కసారీ దిగలేదు, అన్నీ రిలేలే. మొదటిసారి తను పడిపోయి జట్టంతా ఓడింది. రెండోసారి తోపు దగ్గర తప్పు జరిగిందని జట్టుని తీసేశారు. మూడోసారికి ముప్పై దాటింది, మోకాలికి ఆపరేషన్ కూడా అయింది. అయినా వచ్చింది. ఆఖరి తోపు ఆమెదే. జట్టు నాలుగో చోట ఉంది. ఆమె తోస్తే ముందున్న చిన్నమ్మాయి బాణంలా వెళ్లి రెండో చోటికి వచ్చేసింది. వెండి పతకం! టీవీ వాళ్లంతా గీత దాటిన అమ్మాయినే చూపిస్తున్నారు. వెనక మూలన పచ్చ హెల్మెట్ అక్క మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నవ్వుతోంది. నాకు ఎందుకో ఏడుపొచ్చింది.

ఆఖరి రెండు రౌండ్లు మాత్రం ఒక్కరే పూర్తిచెయ్యాలి, ఇంక ఎవరూ తొయ్యరు. రూల్. ఆ రెండూ సార్ నాకిచ్చారు. నాకు! కళ్లు మూసుకునేదానికి!

నాన్న ఈమధ్య నా మోకాలు చూసి ఏదో అనబోయి ఊరుకుంటున్నాడు. తెలిసిపోయిందేమోనని చచ్చిపోతున్నాను. నెలాఖరు ఆదివారం వచ్చేస్తోంది. ఇంక చెప్పెయ్ అత్తా, ప్లీజ్.

ఇట్లు,
నీ సుహాసిని.

తా.క. ఇంకో వింత. మా కోర్టు మీద లారీల ఎర్రదుమ్ము పేరుకుని చక్రాలు జారేవి. ఈమధ్య ఆదివారం వెళ్లేసరికి ఎవరో అద్దంలా కడిగేసి ఉంచుతున్నారు. అంతా నీ వేప సున్నుండల మహిమ అంటోంది లిప్సా. ఇంకో డబ్బా కావాలట.


రాయగడ, టిపినుకొట్టు,
గురువారం.

చిరంజీవి సుహాసినికి అత్త దీవెనలు.

లిప్సాకి డబ్బా పంపించేను. ఈసారి కొంచెం బెల్లం కలిపేను, పాపం.

నువ్వు సెప్పింది నమ్మకం కుదరక నానే తోసి సూసేను. మీ మావయ్యని కొట్టుముందు వంగోమన్నాను. ఎందుకని అడక్కుండానే వంగున్నాడు, మంచోడు. నడుం మీద సేతులేసి నీ లిప్సాలాగే తోసేను. ఎల్లి పూరీలు తింతన్న రైల్వే ఆయన ఒళ్లో పడ్డాడు. ఆయన కూర పోయింది. మీ మావయ్యకి మటుకు దెబ్బ తగల్నేదు. "నాకింత బేగి నడక వచ్చని నాకే తెల్దే సూర్యం" అన్నాడు. ఇప్పుడు నాను ఎనకనుంచి వస్తంటే గోడకి ఆనుకుని నిలబడతన్నాడు.

తరవాత ఆ రైల్వే ఆయనే, ఇంకో ప్లేటు పూరీ పెట్టేక, తన పోనులో ఆ ఆట సూపించేడు. ఆకరి రెండు రౌండ్లు ఒక్కత్తే అంటే నాకు ముందు ఒళ్లు మండింది. అలిసిపోయినోళ్లందరూ కలిసి ఒక్క ఆడగుంట మీద పడేస్తారేటి, కొత్తకోడలి మీద అంట్లు పడేసినట్టు? అని తిట్టేను. మళ్లీ సూపించమన్నాను. మళ్లీ సూసేను. అప్పుడు అర్దమైంది. పడెయ్యడం కాదమ్మీ అది. ఉన్నదంతా సేతుల్లో పెట్టి ఇచ్చెయ్యడం.

అందుకే సెప్తన్నాను, ఇను. మీ నాన్నకి నాను సెప్పను. నువ్వే సెప్పాల. ఆకరి రెండు రౌండ్లు ఒకలే ఎల్లాలన్నావు గదా? తొయ్యడం వరకూ నాది. అది నాను సూసుకుంటాను. ఎలాగని అడక్కు. నా సెయ్యి పడినప్పుడు నువ్వు కళ్లు ముయ్యకు, అంతే.

ఇట్లు,
మీ అత్త.

తా.క. ఆ పచ్చ హెల్మెట్ పిల్లకి పెళ్లయిందేటి? గురువులు తమ్ముడున్నాడు. బుద్దిమంతుడు. ఐసు ప్యాక్టరీ సొంతమే గాబట్టి ఆ పిల్లకి ప్రాక్టీసుకి ఇబ్బందుండదు.


సెమిలిగుడ,
శనివారం.

ప్రియమైన అత్తకి,

రేపే ఆఖరి ఆదివారం. తోస్తానన్నావు, ఎక్కడ? పొద్దున బస్టాండుకి వెళ్లి తాతారావు గారిని అడిగాను. "మీ అత్త ఈసారి ఉత్తరం ఇవ్వలేదమ్మా. పెద్ద పార్సెల్ ఉంది, సాయంత్రం బస్సుకి వేస్తానంది" అని నవ్వారు. నేనిక్కడ చస్తుంటే నువ్వు మళ్లీ సున్నుండలు పంపుతావా?

కానీ నీకు ఇంకోటి చెప్పాలి. ఇందాక నీళ్లసీసా మర్చిపోయానని స్కూల్‌కి పరిగెత్తాను. కోర్టు దగ్గర మన ట్యాంకరు! నాన్న ప్యాంటు మడిచి, పైపు పట్టుకుని, కోర్టంతా కడుగుతున్నాడు. మూలమూలలా. పక్కన మనోరంజన్ సార్. నేను సైకిల్ స్టాండు వెనక నక్కాను. నాన్న గొంతు వినిపిస్తోంది.

"మా అప్ప పోన్జేసింది సార్. ఎవుర్తో లిప్సాట, ఆదివారం బడికాడ మా అమ్మిని తోసేస్తందట, ఎల్లి నిలదియ్యి అంది. తగువాడదారనే వచ్చేను. గేటుకాణ్ణించి సూసేను. మా అమ్మి అలాగ... అలాగ ఎల్లిపోతంటే తగువు సంగతే మర్సిపోయేను. దుమ్ములో చక్రం జారితే పడిపోద్దని, నా సేతిలో ఉన్నది నీళ్లే గదా సార్."

"మరి అమ్మాయితో చెప్పొచ్చు కదా?" అన్నారు సార్.

"బయం సార్. ఇంగ్లీషు మీడియం గుంట. సాటుగా సూసేనని తెలిస్తే ఇంగ్లీషులో తిడతాది, నాకు జవాబు సెప్పడం రాదు. తనే సెప్తాదని సూస్తన్నాను. అమ్మి సెప్తే రేపే వచ్చేస్తాను."

అత్తా, స్కేటింగ్ సంగతికి ఒట్టేసి, తోసిన సంగతి చెప్పేశావా? ఒట్టు ఆ ఒక్కదానికే అని నువ్వు గుర్తెట్టుకోమన్నది ఇదా? నీ కోపం వల్లే మా కోర్టు శుభ్రమైంది!

నాన్న ఎప్పుడు వచ్చాడో తెలియదు, ముందుగదిలో ఉన్నాడు. నేను ఈ గదిలో. ఇద్దరికీ తెలుసు, ఇద్దరం దాక్కున్నాం. వెళ్లి ఒక్క వాక్యం చెబితే చాలు. అద్దం ముందు రిహార్సల్ చేశాను, "డాడ్, ఐ హావ్ సంథింగ్ టు టెల్ యూ" అని. చాలా బాగా వచ్చింది. కానీ అలా మొదలుపెడితే తిడుతున్నానని పారిపోతాడు. తెలుగులో "నాన్నా" దాకా వస్తోంది, అక్కడ ఆగిపోతోంది. కాళ్లు వంచి, నడుం వంచి, కదలటానికి రెడీగా ఉన్నాను. వెనక చెయ్యి పడాలి, అంతే. ఎక్కడున్నావు?

ఇట్లు,
భయపడుతూ, నీ సుహాసిని.

తా.క. పచ్చ హెల్మెట్ అక్కకి పెళ్లయిందట. లిప్సా వెతికి చూసింది. గురువులు గారి తమ్ముడి గురించి లిప్సా వాళ్ల పిన్ని మాత్రం

ఎవరో తలుపు కొడుతున్నారు. నాన్న ఎప్పుడూ తలుపు కొట్టడు, అవతలనుంచే "అమ్మీ" అని కేకేస్తాడు. ఇప్పుడు కొడుతున్నాడు, గొంతు సవరించుకుంటున్నాడు. గాజుల చప్పుడు కూడా వినిపిస్తోంది. అమ్మ గాజులు కావు.

"ఒస్సి! తొయ్యకు అప్పా, ఎల్తన్నాను గదా!"

అత్తా?! పేజీలు బయాలజీ పుస్తకంలో పెట్టేస్తున్నాను. కళ్లు తెరిచే ఉంచాను.