డాబా అంచుకు రేలింగు

ఆర్మూరు,
ఆదివారం.

అత్తమ్మకు,

సువర్ణ దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ కొడుకు బాగానే ఉన్నాం. పుణెలో మీరు, మీ బిడ్డ కరుణశ్రీ, అన్నయ్య, వాళ్ల చింటు బాగున్నారని మీ ఉత్తరం చూసి నిమ్మళమైంది. విరిగిన చేత్తో కాగితం అదిమి పట్టుకుని రాశానన్నారు. అంటే మణికట్టుకు బలం వస్తున్నట్టే.

పసుపు సంగతి అడిగారు. పాలిష్ పట్టించాం. కొమ్ము నిరుటి కంటే సన్నం, రంగు మాత్రం బాగా తేలింది. ఆయన సరిగ్గా తింటున్నారా అన్నారు. తింటున్నారు, నా జొన్నరొట్టె మీ రొట్టె అంత పల్చగా లేదని రోజూ అంటూనే.

ఇక మూడో ప్రశ్న. మేడ మీద గది ముందు డాబాకు రేలింగు పెట్టడానికి ఇన్ని కొలతలెందుకు, నాలుగు వరుసల ఇటుక కడితే పోదా అన్నారు. ఇటుక కడితే కొమ్ములు ఆరబోసినప్పుడు గాలి ఆడదు, వాన నీళ్లు నిలుస్తాయి. నిజం చెప్పాలంటే, టేపు చేతిలోకి తీసుకున్నాక ఆ లెక్కలు నన్ను వదల్లేదు.

మన గేటు చేసిన వెల్డింగ్ ముఖేష్ వచ్చి చూశాడు. ముందు వైపు పదహారు అడుగులు, కుడి వైపు ఎనిమిది. ఎడమ వైపూ ఎనిమిదే గానీ, మెట్లెక్కి వచ్చే దారికి మూడు వదిలితే ఐదు. నాలుగు అడుగులు దాటకుండా ఒక నిలువు పైపు ఉండాలట, లేకపోతే ఒరిగినప్పుడు ఊగుతుందట. అతను వేళ్లు మడిచి చెప్పాడు.

"ముందట అయిదు, కుడికి మూడు, ఎడమకు మూడు. పదకొండు."

నేను సుద్దముక్కతో నేల మీద గుర్తులు పెట్టుకుంటూ పోయాను. తొమ్మిదే వచ్చాయి. మళ్లీ మొదటి నుంచి పెట్టాను. తొమ్మిదే. ఎక్కడ తప్పానా అని నిలబడి చూస్తే, తప్పింది నేను కాదు. మూల మీద నిలబెట్టే పైపు రెండు వైపులకూ ఒకటే కదా!

"అవ్ వదినా, మూలలు రెండుసార్లు లెక్కవెట్టిన," అని ముఖేష్ నవ్వాడు. "నోటి లెక్క గట్లనే ఉంటది."

తర్వాత మధ్యలో నిలబెట్టే సన్న చువ్వలు. వాటి మధ్య సందు నాలుగు అంగుళాలు మించొద్దు, చింటు వస్తే తల దూరకూడదు. నాలుగు అడుగులంటే నలభై ఎనిమిది అంగుళాలు, నాలుగుతో భాగిస్తే పన్నెండు. పన్నెండు చువ్వలని రాసుకున్నాను. రొట్టెలు చేస్తుంటే తట్టింది, పన్నెండు సందులకు పదకొండు చువ్వలే కావాలి. పొయ్యి ఆర్పకుండానే చీపురు పుల్లలు తెచ్చి గచ్చు మీద పేర్చాను. చువ్వల మందం, కొసల్లో పైపుల మందం కూడా చోటు తింటాయి. పదే చాలు! ఎడమ వైపు రెండున్నర అడుగుల ముక్కలకు ఆరేసి, చుట్టూ కలిపితే డెబ్బై రెండు. ఆ రోజు రొట్టె మాడింది, అది కూడా మీ కొడుకు మీకు చెప్పే ఉంటారు.

అడ్డంగా పైన ఒకటి, కింద ఒకటి వేస్తే యాభై ఎనిమిది అడుగులు. దుకాణంలో పైపు ఇరవై అడుగులది. మూడు తెస్తే ఇంకా రెండు అడుగులు మిగలాలి. కానీ పదహారు అడుగుల ముక్కలు రెండు కోసేసరికి రెండు పైపులు అయిపోతాయి, మిగిలిన నాలుగేసి అడుగుల తునకలు అతుకు వేయకుండా ఎక్కడా పనికిరావు. నాలుగు తేవాల్సిందే. కాగితం మీద మూడు, కోయబోతే నాలుగు. ఇలాంటివి ఎవరూ చెప్పకుండా నాకు నేనే కనుక్కోవడం ఎంత బాగుందో.

అత్తమ్మా, ఇంతవరకు రాసింది అబద్ధం కాదు. కానీ ఉత్తరం మొదలుపెట్టింది దీని కోసం కాదు.

నిన్న డాబా అంచు ఊడ్చి ముఖేష్ గుర్తులు పెడుతుంటే, ఎడమ వైపు జానెడు వెడల్పున తెల్లటి చార బయటపడింది.

"ఈడ ఏమో మస్తు దినాలు పడి ఉన్నట్టుంది. ఏముండె వదినా?"

"ఏం లేకుండె," అన్నాను.

అక్కడ ఉండింది మీ పాత టేకు దూలం. ఎడమ కన్ను మసకబారినప్పటి నుంచి, కాలికి తగలాలని మీరే అంచున పెట్టించుకున్నారు. దూలం తగిలితే ఆగి వెనక్కి తిరిగేవారు. మీరు పడిన రోజు పొద్దున, కొమ్ముల కింద పరిచిన తాటిపత్రి గాలికి లేచిపోతుంటే, దాని మీద బరువు పెట్టడానికి దూలాన్ని నేనే జరిపాను. మీకు చెబుదామనుకుంటూనే మోటారు బంద్ చేయడానికి కిందికి దిగాను. ఇంతలో మీరు కొమ్ములు తిరగేయడానికి పైకి వెళ్లారు. చప్పుడు విని వచ్చేసరికి కింద మక్కజొన్న చొప్ప కుప్ప పక్కన పడి ఉన్నారు. ఆ కుప్ప మీద పడి జారకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకోలేను.

దవాఖానలో డాక్టరు కళ్లు తిరిగాయా అని అడిగితే మీరు, "ఏమో సారూ, తిరిగినట్టే ఉండె," అన్నారు. నేను మంచం పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ మాట మీదే కళ్లు తిరగకుండా మందులు రాశారు, మేడ ఎక్కొద్దన్నారు, కరుణశ్రీ మిమ్మల్ని తీసుకుపోయింది. రెండు నెలలయింది. ఫోన్ చేసిన ప్రతిసారీ చెబుదామనుకుంటాను, స్పీకర్లో అందరి గొంతులూ వినబడేసరికి మాట మింగేస్తాను.

కానీ మీ ఉత్తరంలో ఒక మాట రాశారు. నా కాళ్ల మీద నాకే నమ్మకం పోయింది, చింటును ఎత్తుకోవాలన్నా భయమేస్తుంది అని. అది చదివాక ఊరుకోలేకపోయాను. మీకు కళ్లు తిరగలేదేమో అత్తమ్మా. రోజూ నడిచినట్టే నడిచారు, దూలం ఉండాల్సిన చోట లేదు. ఈ సంగతి అక్కడి డాక్టరుకు చెప్పండి. ఆ మందులు కావాలో వద్దో ఆయన మళ్లీ చూస్తారు.

నిన్న సాయంత్రం ముఖేష్ వెళ్లాక మీ కొడుకుతో అంతా చెప్పాను. చాయ్ చల్లారిపోయింది.

"అమ్మకు మీరు చెప్తరా?" అని అడిగాను.

"నేను చెప్ప. నువ్వే రాయి," అన్నారు. "నేను చెప్తే నా మొకం జూసి ఊకుంటది. నీ మీద కోపం జేసుకునే వీలు గూడ ఆమెకు ఉండది."

అందుకే రాస్తున్నాను. కోపం చేసుకోండి. కరుణశ్రీకి చదివి వినిపించినా సరే.

ముఖేష్ బుధవారం పైపులు కోస్తాడు. రేలింగు ఎత్తు మూడున్నర అడుగులు, అందులో మార్పు లేదు. మెట్ల పక్కన పట్టుకుని ఎక్కే పైపుకు మాత్రం ఎత్తు రాయకుండా వదిలేశాను. ఎంత పెట్టమంటావని అతను అడిగితే తర్వాత చెబుతానన్నాను. మీరు మెట్టు మీద నిలబడి చెయ్యి హాయిగా ఎక్కడ ఆనుతుందో చూసి, మెట్టు నుంచి అక్కడికి ఎన్ని అంగుళాలో కరుణశ్రీతో కొలిపించి పంపండి. ఇంకేమీ రాయకపోయినా ఫర్వాలేదు. ఆ అంకె ఒక్కటి వస్తే చాలు.

ఇట్లు,
మీ కొలత కోసం చూస్తుండే కోడలు,
సువర్ణ