జవాబు చేరిన ఫోను

మేడమ్ గారికి నమస్కారం.

ఈ ఉదయం ఆఫీసు లిఫ్టులో కరోనా భయానికి బటన్ల మీద అంటించిన ప్లాస్టిక్ కాగితం మన అంతస్తు అంకె దగ్గర చిరిగి ఉంది. మోచేత్తో నొక్కి పైకి వచ్చాను. గదిలో ఇంకెవరూ లేరు. మీ ఎదుట ఇవన్నీ చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

పిల్లలు తమ బాధలు కౌన్సెలర్‌కు రాసుకునే మన యాప్‌ను సోమవారం అన్ని కాలేజీలకూ ఇవ్వొద్దండి.

మొన్న ఒక అమ్మాయి అందులో "ఈ ఇంట్లో నాకు బతకాలని లేదు" అని రాసింది. కౌన్సెలర్ గారు పది నిమిషాల్లోనే జవాబిచ్చారు: "ఈ ఆలోచన ఎప్పటి నుంచి వస్తోందమ్మా? ఇంట్లో ఏం జరుగుతోంది?" ఆ మాటలు యాప్ తెరవకుండానే ఫోను తెర మీద పైనే కనిపించాయి. ఆ ఫోను వాళ్ల నాన్నది. ఆన్‌లైన్ క్లాసు అవగానే ఆయన తీసేసుకుంటారట.

ఆయన ఆఫీసుకు ఫోన్ చేస్తే నేనే ఎత్తాను. "మా పిల్లకి ఏం తక్కువైందని? లేనిపోనివన్నీ మీరే నూరిపోస్తున్నారు" అని అరిచారు. వెనక నుంచి ఆ అమ్మాయి "నేను రాయలేదు నాన్నా, నిజంగా" అంటోంది. ఆ వెంటనే ఆయన ఫోనులోంచి యాప్ తీసేశారు. మన దగ్గర ఉన్నది ఆ ఒక్క నంబరే. నిన్నటి నుంచి ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు. కాలేజీ మూసి ఉంది.

జవాబు తెర మీద కనిపించేలా పెట్టింది నేనే, పిల్లలు వెంటనే చూసుకుంటారని. అలా పెడదామనుకున్న రోజు మీటింగులో మన ప్రోగ్రామర్ "సొంత ఫోను లేని పిల్లలు ఇంకా ఉన్నారంటారా?" అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నా చదువు పూర్తయ్యేదాకా మా ఇంట్లో ఒక్కటే ఫోను మేడమ్. అది మా నాన్న జేబులో ఉండేది.