పాలపొడిలో బ్యాటరీ నీళ్ళు

భవానీపురం, 2003 మే, మంగళవారం రాత్రి

పక్కింటి ఖాదర్ గారి మనవడికి రెండు రోజులుగా విరేచనాలు. డాక్టరు మందు రాసినా తగ్గలేదు. సాయంత్రం చూడ్డానికి వెళ్ళేసరికి వాళ్ళ కోడలు సీసాలో పాలపొడి కలుపుతోంది. పక్కనున్న క్యాను చూడగానే గుర్తుపట్టాను. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసుకోమని మా ప్లాంటు ల్యాబు నుంచి నేను తెచ్చిచ్చిన డీఎం, అంటే డీమినరలైజ్డ్ నీళ్ళవి.

"మరిగించావామ్మా?"

"ఎందుకు అన్నయ్యగారూ? ఇంత ప్యూర్ వాటర్ బెజవాడలోనే దొరకదని మీరేగా అన్నారు!"

అన్నాను, గొప్పకి. ప్లాంటులో రెజిన్ వడపోత ఆ నీళ్ళలోంచి ఉప్పులు తీసేస్తుంది, అంతే. డిస్టిల్డ్ వాటర్‌లా అవి మరిగి ఆవిరై వచ్చినవి కావు, క్రిములు చావవు. పైగా పాత క్యానులో నెల రోజులుగా నిలవున్నాయి. ఇన్నేళ్ళు ఆ ల్యాబులో పనిచేస్తూ ఈ ఒక్క ముక్క చెప్పడానికి నాకు నోరు రాలేదు!

సీసా పారబోయించి, కుళాయి నీళ్ళు మరిగించి వాడమన్నాను. క్యాను తెచ్చేసుకున్నాను. ఖాదర్ గారు గుమ్మం దాకా వచ్చి, "టైముకి చూశారు, మీ మేలు మరిచిపోలేమండీ" అన్నారు.

తప్పు నాదేనని చెప్పాల్సింది. "దాందేముందండీ" అని వచ్చేశాను.

గోడవతల పిల్లవాడు మళ్ళీ ఏడుస్తున్నాడు.