గురిగిలో పడ్డ చీటీలు

3, మంగళవారం
వార్డు ఎన్నికల సర్వే మొదలు. మాదాపూర్ ఆఫీసులో అందరికీ ట్యాబ్‌లు పంచాం. ఇంటింటికీ తిరిగి అడిగే మా యాదమ్మక్క వద్దంది. సంచిలోంచి మట్టి గురిగి తీసింది — పిల్లలు చిల్లర దాచుకునేది. “చీటీ మీద గుర్తుకు టిక్కు వెట్టి ఇందుల ఏస్తరు మేడం. పగలగొట్టేదాంక నాక్కూడ తెల్వది.” నవ్వాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

5, గురువారం
ఆమె వెంట లింగంపల్లి. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ వాళ్ళుండే రేకుల ఇళ్ళు. నిన్న మా ట్యాబ్ కుర్రాడు ఇక్కడే అందరి ముందూ అడిగాడు, పక్కనే వాళ్ళ సూపర్‌వైజర్. ఒక్కరూ తప్పకుండా “గొడుగు గుర్తుకే” అన్నారట.

యాదమ్మక్క చీటీ చేతికిచ్చి, గురిగి గడప మీద పెట్టి, అటు తిరిగి నిలబడుతుంది. అంతే ఆమె విద్య.

ఒక తాత... “అందరెటు ఏస్తున్రో జెప్పు బిడ్డా, అటే ఏస్త. ఓటు ఖరాబ్ కావద్దు గద.”

“ఓడినోనికేస్తె ఖరాబైతదా? నీది నువ్వెయ్యి తాతా.”

ఎంతసేపు ఆలోచించాడో! ఆమె వెనక్కి తిరగనే లేదు. నాకైతే అంత ఓపిక లేదు. ఇన్నేళ్ళు స్టాటిస్టిక్స్ చదివి నేర్వనిది ఆమె దగ్గర చూశాను.

6, శుక్రవారం
ఎండ. తలనొప్పి. యాదమ్మక్క మాత్రం ఇంకో వీధి చుట్టొచ్చింది.

7, శనివారం
యాదమ్మక్క నా బల్ల మీద పేపరు పరిచి గురిగి పగలగొట్టింది. ట్యాబ్‌లలో గొడుగుకు తిరుగులేదు. చీటీల్లో గంట గుర్తుదే పైచేయి. మళ్ళీ లెక్కపెట్టాం. అదే.

బాస్ వేణుగారు — “మట్టికుండలో డేటా ఏంటండీ? తీసేయండి. సోమవారం టీవీలో రావాలి.” రిపోర్టు కింద సంతకం నాదే కావాలట.

‘గొడుగు గెలుస్తోంది’ అని టీవీ చెబితే తాత అటే వేస్తాడు. మేం తప్పుగా కొలిచిందే నిజమై కూర్చుంటుంది.

8, ఆదివారం
సంతకం పెట్టలేదు. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి, అలా వేస్తేనే సంతకం అని వేణుగారికి పంపాను. ఉద్యోగం పోతుందేమో... భయంగా ఉంది.

యాదమ్మక్కకు ఫోన్ చేశాను. “ఫికర్ జెయ్యకు మేడం. మనం అడిగినం, వాళ్ళు జెప్పిన్రు. గంతే గద.” ఈ మనిషంటే నాకెంత గౌరవమో ఆమెకు చెప్పడం చేతకాలేదు.

9, సోమవారం
టీవీలో గొడుగు ఒక్కటే. నా పేరు లేదు. వేణుగారు ఫోన్ ఎత్తడం లేదు.

11, బుధవారం
పోలింగ్. లింగంపల్లి బడికి దూరంగా నేను, యాదమ్మక్క. తాత సిరా వేలితో బయటికొచ్చాడు, మమ్మల్ని చూసి నవ్వాడు. టీవీ చూశావా, ఎవరికేశావు... నోటిదాకా వచ్చింది.

పక్కకు చూశాను. యాదమ్మక్క అప్పటికే అటు తిరిగి నిలబడి ఉంది.

నేనూ తిరిగాను.