బాబాయి కొన్న ఫ్యాను

బాబాయికి నమస్కారం.

మన పాత పికప్పు ఇంజను వేడెక్కుతోందని ఎలక్ట్రిక్ ఫ్యాను కొన్నారు, సంతోషం. కొట్లో అన్నిటికంటే ఎక్కువ హోరు పెట్టేదాన్ని ఏరి మరీ తెచ్చారు. డబ్బా మీద రాసింది చదివి, అంత కరెంటు ఈ ముసలి బండి ఇవ్వలేదని చెబితే, “ఇంట్లో నువ్వొక్కదానివే చదివావని మాకు పాఠాలా?” అన్నారు. ఇప్పుడు ఇంజను చల్లగానే ఉంది. ఫ్యాను తిరిగినప్పుడల్లా హెడ్‌లైట్లు మాత్రం మిణుగురులైపోతున్నాయి. నిన్న చీకట్లో అమ్మనూ కూరగాయల బుట్టలనూ ఎక్కించుకుని, ఫ్యానుకు కరెంటు చాలాలని ఏకంగా లైట్లే ఆర్పేశారట! “దారి నాకు కంఠస్థం వదినా, భయపడకు” అన్నారట. ఎదురొచ్చే లారీవాడికి మీరు కంఠస్థం కాదు కదా బాబాయ్.

బండికి సరిపడే చిన్న ఫ్యాను బిగించేదాకా అమ్మ అందులో ఎక్కదు, మీరూ తోలరు. తాళంచెవి కోసం పరుపులు తిరగేయకండి. అది నాతోపాటు కాలేజీకి వస్తోంది.

మీ అన్నగారి అమ్మాయి