కలలో ఇంగ్లీషు

సుజాతా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. నాచారం లైబ్రరీలో పెద్దవాళ్ళకు నువ్వు నేర్పిన ఇంగ్లీషు క్లాసును ఇన్నాళ్ళూ నేనే ఎలాగోలా లాక్కొచ్చాను. నీలా చెప్పడం నాకు రాదు. ఇక మానేస్తానని వాళ్ళతో చెబుదామనే ఇవాళ వెళ్ళాను.

వాన వెలిసి, కిటికీలోంచి పల్చటి పసుపు వెలుగు బల్లల మీద పరుచుకుంది. నేను నోరు విప్పేలోపే యాదమ్మ లేచి నిలబడింది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది చూడు, నీ చెవిలో గుసగుసగా తప్ప నలుగురిలో ఇంగ్లీషు ముక్క పలకనిది, ఆ యాదమ్మే.

"రాత్రి మేడం కలలకొచ్చింది సార్. ఇద్దరం ఇంగ్లీష్‌లనే మాట్లాడుకున్నం," అంది.

నా కలలోకి నువ్వు ఒక్కసారి కూడా రాలేదు.

"ఎలా ఉంది?" అని అడిగాను.

"మంచిగున్నది సార్. గీ కుర్చీలనే కూసున్నది. తిన్నవా అని అడిగింది. తిన్న అని చెప్పిన. మస్తు నవ్వింది."

"ఆ కలేదో ఇంగ్లీషులో చెప్పు యాదమ్మా," అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుంది. ఉప్పల్ వైపు వెళ్ళే బస్సుల చప్పుడు ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టుంది.

"మేడం ఈజ్ సిట్టింగ్ హియర్," అంది నెమ్మదిగా, అందరికీ వినపడేలా. "మేడం ఈజ్ లాఫింగ్."

అయిపోయిన సంగతి కదా, నువ్వైతే 'ఈజ్' కాదు, 'వాజ్' అనాలని దిద్దేదానివి. నేను దిద్దలేదు. మానేస్తానన్న మాటా నా నోటి నుంచి రాలేదు.

ఇంకోసారి చెప్పమన్నాను.