నేను లేకపోయినా ఫరవాలేదని రాయి

శ్రీమతికి,

ఈ పరాయి దేశంలో నేను క్షేమం. చెల్లెలి పాప నన్ను చూసి ఏడవడం మానేసింది. ఫోనులో మొదలుపెడితే పోట్లాట అవుతుందని ఉత్తరం రాస్తున్నాను.

బావ పనిచేసే బట్టల కంపెనీ చూడ్డానికి వెళ్లాను. కుట్టుమిషన్లు మొరాయిస్తుంటే చెయ్యి ఊరుకోక ఒకట్రెండు బాగుచేశాను. మేనేజరు అక్కడికక్కడే ఉద్యోగం ఇస్తానన్నాడు. మన రిపేరు షాపులో ఏడాదంతా తంటాలు పడినా రానంత నెల జీతం. అయితే నా విజిటర్ వీసాను వర్క్ వీసాగా మార్చుకోవాలి.

చిక్కంతా అక్కడే ఉంది. విజిటర్ వీసా అడిగినప్పుడు, తప్పకుండా తిరిగొస్తానని నమ్మించడానికి, నేను లేకపోతే మా ఆవిడకు పూట గడవదనీ, స్విచ్చి వేయాలన్నా రబ్బరు చెప్పులు తొడుక్కుంటుందనీ రాశాను. వీసా ఆఫీసరు ఆ కాగితం బయటికి తీసి, మరి ఆవిడ గతేమిటని అడుగుతున్నాడు. నేను లేకపోయినా ఫరవాలేదని నువ్వొక ఉత్తరం రాసి పంపాలి.

ఇట్లు,
నీ మెకానిక్కు

తా.క.: కాస్త గట్టిగా రాయి. మొహమాటపడకు.

*

శ్రీవారికి నమస్కారాలు.

మీరడిగిన ఉత్తరం ఇందులోనే పెట్టాను. మొహమాటపడలేదు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి వంటింటి కుళాయి కారుతూనే ఉందనీ, ఊళ్లో మిషన్లన్నీ బాగుచేసే మనిషి ఇంట్లో మిషన్‌కు నూనె చుక్కయినా వేయలేదనీ, నన్ను చూడ్డానికొచ్చిన రోజు పెట్టుకున్న చేతిగడియారం అరువుదనీ, ఇలాంటి మనిషి ఉన్నా లేకున్నా ఒకటేననీ రాశాను. పక్కింటి టీచరమ్మకు చదివి వినిపిస్తే ఆవిడ ఇంకో రెండు గుర్తుచేసింది. అవీ చేర్చాను.

ఇట్లు,
మీ ఇల్లాలు

తా.క.: రాయమన్నారే గానీ, ఇక్కడే ఉండిపోనా అని నన్ను అడగలేదు.

*

శ్రీమతికి,

నీ కవరు విప్పకుండానే ఆఫీసులో ఇచ్చాను. బుద్ధి తక్కువై. అనువాదం చేసే ఆయన గొంతెత్తి చదివాడు. నా వీసా పని మీద వచ్చిన మేనేజరు పక్కనే ఉన్నాడు. కుళాయి బాగుచేయనివాడు మా మిషన్లేం చూస్తాడని ఆయన అనుమానంలో పడ్డాడు. ఉద్యోగం ఊడినంత పనైంది.

నేను పనికిమాలినవాణ్ణని రాయమనలేదు. నేను మంచివాణ్ణే, అయినా నేను లేకుండా నువ్వు హాయిగా నెట్టుకొస్తున్నావని రాయాలి.

ఇట్లు,
నీ మెకానిక్కు

తా.క.: ఆ గడియారం సంగతి నీకెవరు చెప్పారు?

*

శ్రీవారికి నమస్కారాలు.

ఆఫీసరుగారికి ఇచ్చేది కింద రాశాను. ఈసారి చదివి ఇవ్వండి.

'మావారు బంగారంలాంటి మనిషి. అయినా ఆయన లేనందువల్ల నాకే లోటూ లేదు. షాపు షట్టరు రోజూ నేనే ఎత్తుతున్నాను. మోటార్లు విప్పి బిగిస్తున్నాను. ఆయన పనికంటే నా పనే నయమని దర్జీలంటున్నారు. ఫ్యూజు పోతే నేనే వేస్తున్నాను, చెప్పులు లేకుండా. ఎవరి గురకా లేదు గనక మంచం మధ్యలో కాళ్లు చాపుకుని హాయిగా నిద్రపోతున్నాను. ఆయన్ని నిశ్చింతగా ఉంచుకోండి.'

ఇట్లు,
మీ ఇల్లాలు

తా.క.: బాగా కుదిరిందని టీచరమ్మ మెచ్చుకుంది. ఎందుకో కళ్లు తుడుచుకుంది కూడా.

*

శ్రీమతికి,

వర్క్ వీసా వచ్చింది. ఇంత ధైర్యంగల భార్య దొరకడం నా అదృష్టమని ఆఫీసరన్నాడు. అవునన్నాను.

కంపెనీ ఇచ్చిన గదికి వచ్చి నీ ఉత్తరం మళ్లీ చదువుకున్నాను. ఇక్కడ మంచానికీ మంచానికీ మధ్య ఒక పెట్టె పట్టేంత చోటుంది. నీకు పని పట్టుబడినందుకు సంతోషించాల్సింది, నా వల్ల కాలేదు. షాపు నడుస్తోంది, నీకు నిద్ర పడుతోంది, ఇక నేనొచ్చి చేసేదేముంది? మేనేజరు రెండేళ్లకు అగ్రిమెంటు రాస్తానంటే, నేనే అయిదేళ్లకు రాయమని సంతకం పెట్టేశాను. మధ్యలో వదిలి రావడానికి లేదట.

ఇట్లు,
మెకానిక్కు

తా.క.: గురక సంగతి కూడా ఆఫీసరుకు చెప్పాలా?

*

శ్రీవారికి,

మీరు వేసి వెళ్లిన తాళం షాపుకు అలాగే ఉంది. దర్జీలు వచ్చి చూసి పోతున్నారు. మోటారు మాట దేవుడెరుగు, స్క్రూడ్రైవరు ఎటు పట్టుకోవాలో నాకు తెలీదు. ఫ్యూజు పోయిన రోజు కరెంటాయన వచ్చేదాకా చీకట్లోనే కూర్చున్నాను. పడుకునేది ఇప్పటికీ మీ చోటు వదిలేసి గోడపక్కనే.

మొదటి ఉత్తరం కోపంతో రాశాననుకున్నారు. మీకు ఉద్యోగం రాకూడదనే అలా రాశాను. తర్వాత మీరంత ఆశపడుతుంటే అడ్డుపడటం బాగోదని నోటికొచ్చిన అబద్ధమల్లా రాశాను. చదివి నవ్వుకుంటారనీ, ఇవేం కోతలే అని ఫోను చేస్తారనీ, అప్పుడు వచ్చేయమని అడుగుదామనీ ఎదురుచూశాను. ఆఫీసరంటే నన్నెన్నడూ చూడలేదు, నమ్మాడు. మీరెలా నమ్మారండీ?

ఇట్లు,
మీ ఇల్లాలు

తా.క.: ఆ రాసినవన్నీ అబద్ధాలని ఆఫీసరుతో అనకండి. అయిదేళ్లలో ఎలాగూ నిజమైపోతాయి.